వెబ్‌సైట్ బిల్డర్‌లో డ్రాప్‌డౌన్: మూసి ఉన్న పెట్టె మీది, తెరుచుకునే జాబితా బ్రౌజర్‌ది

మీ ప్రశ్నలో నిజానికి రెండు వేర్వేరు సమస్యలు ఉన్నాయి. సంప్రదింపు ఫారంలో "మీకు ఏ సేవ కావాలి?" అనే డ్రాప్‌డౌన్ పెట్టి, దానికి ముదురు నీలం రంగు, తెల్లని అక్షరాలు, గుండ్రని మూలలు ఇచ్చారు, పెట్టె బాగానే కనిపిస్తోంది కానీ, నొక్కితే తెరుచుకునే జాబితా మీరు ఇచ్చిన రూపంలో రావడం లేదు, పైగా విండోస్ కంప్యూటర్‌లో అందులోని అక్షరాలే కనిపించడం లేదు. ఇది మొదటిది. పై మెనూలో "సేవలు" కింద తెరుచుకోవలసిన జాబితా ఆ కిందనే ఉన్న చిత్రాల స్లైడర్ వెనక్కి పోతోంది, ఫోన్‌లో అసలు తెరుచుకోవడమే లేదు. ఇది రెండవది. ఈ తలనొప్పి లేకుండా ఇంటర్నెట్‌లో దొరికే రెడీమేడ్ జావాస్క్రిప్ట్ డ్రాప్‌డౌన్ తెచ్చి పెట్టుకోవచ్చా అని కూడా అడిగారు. ఇతరులకు వెబ్‌సైట్లు కట్టి ఇచ్చే పనిలో ఈ రెండు సమస్యలూ నాకు పదేపదే ఎదురయ్యాయి కాబట్టి కాస్త వివరంగానే రాస్తున్నాను.

డ్రాప్‌డౌన్ అనే ఒక్క మాటతో మనం మూడు వేర్వేరు వస్తువులను పిలుస్తున్నాం. చిక్కంతా అక్కడే మొదలవుతుంది. ఫారంలో ఒక విలువను ఎంచుకోవడానికి వాడేది ఒకటి. పేజీ నిర్మాణాన్ని రాసే భాష అయిన హెచ్‌టీఎమ్‌ఎల్‌లో దాని పేరు సెలెక్ట్, అందులోని ఒక్కో వరుస పేరు ఆప్షన్. పేజీల లింకులను దాచి ఉంచి, అడిగినప్పుడు చూపే మెనూ రెండవది; అది ఒక బటను, దాని కింద లింకుల జాబితా, అంతకు మించి ఏమీ లేదు. ప్రశ్న మీద నొక్కితే జవాబు విచ్చుకునే అకార్డియన్ మూడవది. మూడింటికీ పక్కన అదే చిన్న బాణం గుర్తు ఉంటుంది కానీ లోపలి నిర్మాణాలు వేరు. మెనూ డ్రాప్‌డౌన్‌ను తెచ్చి ఫారంలో పెట్టి, వచ్చే ఈమెయిళ్లలో ఆ విలువ ఎందుకు కనిపించడం లేదా అని రోజుల తరబడి వెతికినవారిని నేను చూశాను. అది లింకుల జాబితా. ఫారం దృష్టిలో అక్కడ ఏ గడీ లేదు.

మీ మొదటి సమస్యకు మూలం ఇది: సెలెక్ట్‌లో మూసి ఉన్న పెట్టెను పేజీలోని మిగతా వస్తువుల్లాగే రూపాన్ని నిర్ణయించే కోడ్ అయిన సీఎస్‌ఎస్‌తో మలచుకోవచ్చు, తెరుచుకునే జాబితాను మాత్రం బ్రౌజరు లేదా ఆపరేటింగ్ సిస్టమ్ స్వయంగా గీస్తుంది. అందుకే అదే ఫారం ఆండ్రాయిడ్ ఫోన్‌లో తెర మధ్య రేడియో బటన్ల పెట్టెగా, మ్యాక్‌లో ఆ సిస్టమ్ మెనూలాగా, విండోస్‌లో పెట్టెకు అతుక్కున్న పలకలాగా కనిపిస్తుంది. మీరు బిల్డర్‌లో (కోడ్ రాయకుండా పేజీలు అమర్చుకునే సాధనంలో) ఏదో మరిచిపోయినందువల్ల ఇలా జరగడం లేదు. దీన్ని లోపంగా చూడవద్దని నా మనవి. ఆ ఫోన్ వాడే మనిషికి ఆ జాబితా ముందే అలవాటై ఉంటుంది, తెర అంచుకు తగిలితే అది తనంతట తానే పైకి తెరుచుకుంటుంది, అక్షరాలను చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌కు అది అర్థమవుతుంది, కీబోర్డుతో ఒక అక్షరం కొడితే ఆ అక్షరంతో మొదలయ్యే వరుస దగ్గరకు వెళుతుంది. ఇవన్నీ మీకు ఉచితంగా వస్తున్నాయి. మన పని పెట్టెను అందంగా, స్పష్టంగా తయారుచేసి, జాబితా విషయంలో చదవడానికి అడ్డు లేకుండా చూసుకోవడం.

ముందుగా, చేర్చే పద్ధతి. బిల్డర్‌లో ఫారం విభాగంలో ఉన్న సెలెక్ట్ లేదా డ్రాప్‌డౌన్ ఫీల్డ్‌నే తీసుకుని, దాన్ని తప్పనిసరిగా ఫారం లోపలే వదలండి. ఫారం సరిహద్దు బయట పడితే చూడడానికి తేడా తెలియదు కానీ విలువ రాదు. దానికి పైన లేబుల్ పెట్టండి. లేబుల్‌ను మామూలు టెక్స్ట్ బ్లాక్‌గా రాయకుండా, బిల్డర్ ఇచ్చే లేబుల్ ఎలిమెంట్‌నే వాడి, ఆ ఫీల్డ్‌తో జతచేయండి. అలా జతచేసినప్పుడు లేబుల్ మీద నొక్కినా ఫోకస్ (కీబోర్డు పనిచేసే చోటు) ఆ గడిలోకి వెళుతుంది, స్క్రీన్ రీడర్ గడి పేరు చదువుతుంది. లేబుల్ తీసేసి, ఆ మాటనే జాబితాలో మొదటి వరుసగా రాయడం ఇప్పుడు చాలామంది చేస్తున్న పని. ఏదో ఒకటి ఎంచుకున్న మరుక్షణం ఆ మాట మాయమై, తాను దేనికి జవాబు ఇచ్చాడో మనిషికే గుర్తు లేకుండా పోతుంది.

తర్వాత వరుసలు. ఒక్కో ఆప్షన్‌కు రెండు భాగాలు ఉంటాయి: తెర మీద కనిపించే మాట, ఫారం పంపినప్పుడు మీకు చేరే విలువ. ఈ రెండవదాన్ని ఎవరూ పట్టించుకోరు. బిల్డర్‌లో కొత్త సెలెక్ట్ లాగగానే అందులో నమూనాగా రెండు మూడు వరుసలు సిద్ధంగా ఉంటాయి. మనం కనిపించే మాటను "శిక్షణ" అని మార్చి, వెనుక ఉన్న "సెకండ్" అనే విలువను అలాగే వదిలేస్తాం. నేను కట్టి ఇచ్చిన ఒక ఫారం నుంచి నెల రోజుల పాటు "ఫస్ట్", "సెకండ్", "థర్డ్" అని ఈమెయిళ్లు వచ్చాయి. మధ్యలో వరుసల క్రమాన్ని ఒకసారి మార్చడం వల్ల, ఏ రోజు వచ్చిన "సెకండ్" ఏ సేవకు చెందినదో తేల్చుకోవడానికి పంపినవారికి తిరిగి ఫోన్లు చేయవలసి వచ్చింది. అప్పటినుంచి కనిపించే మాటనూ విలువనూ పక్కపక్కనే పెట్టి చదివిన తర్వాతే పబ్లిష్ చేస్తున్నాను.

మొదటి వరుస గురించి ప్రత్యేకంగా చెప్పాలి. సెలెక్ట్‌లో ఏదీ ఎంచుకోకపోతే మొదటి ఆప్షనే ఎంపికైనట్టు లెక్క. మీ జాబితా "వెబ్ డిజైన్"తో మొదలైతే, ఆ గడిని చూడకుండా దాటిపోయిన ప్రతి ఒక్కరూ వెబ్ డిజైన్ కోరుకున్నట్టే నమోదవుతారు, మీరు ఆ అంకెలు చూసి గిరాకీ ఉందనుకుంటారు. అందుకని మొదటి వరుసగా "ఒకటి ఎంచుకోండి" అని రాసి, దాని విలువను పూర్తిగా ఖాళీగా వదిలి, ఫీల్డ్‌ను రిక్వయిర్డ్‌గా (తప్పనిసరిగా నింపవలసినదిగా) గుర్తించండి. విలువ ఖాళీగా ఉంటేనే బ్రౌజరు ఫారాన్ని ఆపి, ఎంచుకోమని అడుగుతుంది. ఆ చోట ఒక్క గీత గీసినా, చుక్క పెట్టినా అది కూడా ఒక జవాబే అయిపోతుంది.

వరుసలు ఎన్ని ఉండాలన్నది కూడా రూపానికి సంబంధించిన ప్రశ్నే. మూడు నాలుగే ఉన్నప్పుడు రేడియో బటన్లు మేలు: అన్నీ కళ్లెదుట ఉంటాయి, ఒక్క నొక్కుతో పని అయిపోతుంది. బ్రిటన్ ప్రభుత్వ వెబ్‌సైట్ల డిజైన్ సిస్టమ్ అయితే, కొందరికి సెలెక్ట్ వాడడం చాలా కష్టమవుతోందని పరిశోధనలో తేలినందువల్ల, దాన్ని చివరి మార్గంగా మాత్రమే వాడమని చెబుతుంది. నేను అంత దూరం వెళ్లను. మీకున్న ఎనిమిది సేవలకు సెలెక్ట్ సరిపోతుంది. పదిహేను ఇరవై దాటితే మాత్రం ఆప్ట్‌గ్రూప్ అనే హెచ్‌టీఎమ్‌ఎల్ ట్యాగ్‌తో వర్గాలుగా విడదీయండి, వందల్లో ఉంటే టైపు చేసి వెతుక్కునే గడి పెట్టండి. పుట్టిన సంవత్సరం వంటి వాటికి డ్రాప్‌డౌన్ పెట్టవద్దు. నాలుగు అంకెలు కొట్టడం కంటే 80 వరుసలు జరపడం ఎవరికైనా విసుగే.

ఇక అలంకరణ. పెట్టెకు మీ సొంత క్లాస్ పేరు (స్టైల్‌ను తగిలించడానికి వాడే గుర్తింపు పేరు) ఒకటి పెట్టుకుని, మార్పులన్నీ ఆ క్లాస్ మీదే చేయండి. బిల్డర్ తనంతట తాను తయారుచేసే పొడవాటి క్లాస్ పేర్లను కస్టమ్ కోడ్‌లో వాడితే, ఏదో ఒక అప్‌డేట్‌లో అవి మారిపోయి మీ స్టైల్ అంతా ఊడిపోవచ్చు. మొదట చేయవలసిన మార్పు అప్పియరెన్స్ అనే ప్రాపర్టీకి నన్ అనే విలువ ఇవ్వడం. దానితో బ్రౌజరు తన సొంత రూపాన్ని విడిచిపెడుతుంది. సఫారీలో, క్రోమ్‌లో, ఫైర్‌ఫాక్స్‌లో పెట్టె ఒకేలా కనిపించడానికి దారి ఇదే. కానీ దానితో పాటు బాణం గుర్తు కూడా పోతుంది. బాణం లేని పెట్టె టైపు చేసే గడిలాగే ఉంటుంది కాబట్టి దాన్ని మనమే తిరిగి పెట్టాలి. ఎస్‌వీజీ అనే బొమ్మల ఫార్మాట్‌లో చిన్న బాణాన్ని పెట్టె బ్యాక్‌గ్రౌండ్ ఇమేజ్‌గా ఇచ్చి, రిపీట్ ఆపి, కుడి అంచుకు 12 పిక్సెళ్ల దూరంలో, నిలువుగా మధ్యలో నిలపండి. ఆ తర్వాత కుడి ప్యాడింగ్‌ను (పెట్టె లోపలి ఖాళీని) 40 పిక్సెళ్లకు పెంచండి. ఇది మరిచిపోతే పొడవైన పేరు ఎంచుకున్నప్పుడు చివరి అక్షరాలు బాణం మీదుగా పోతాయి.

కొందరు బాణాన్ని విడి ఐకాన్‌గా తెచ్చి పెట్టె పైన అమరుస్తారు. అది కూడా పనిచేస్తుంది, కానీ అప్పుడు ఆ ఐకాన్‌కు పాయింటర్-ఈవెంట్స్ నన్ అని ఇవ్వాలి. ఇవ్వకపోతే, మనిషి సహజంగా బాణం మీదే నొక్కుతాడు, ఆ నొక్కు ఐకాన్ దగ్గరే ఆగిపోతుంది, జాబితా తెరుచుకోదు. పరీక్షించేటప్పుడు మనం మాట మీద నొక్కి చూసి, బాగానే ఉందనుకుంటాం.

తెలుగు వెబ్‌సైట్లకు ప్రత్యేకంగా వచ్చే సమస్య ఒకటి ఉంది, దీని గురించి ఇంగ్లిష్ పాఠాల్లో కనిపించదు. పేజీకి మీరు ఎంచుకున్న తెలుగు ఫాంటు ఫారం గడులకు దానంతట అది రాదు, ఎందుకంటే సెలెక్ట్, బటన్ వంటివి బ్రౌజరు ఇచ్చిన సొంత ఫాంటుతో వస్తాయి. అందుకని ఫాంట్ ప్రాపర్టీకి ఇన్‌హెరిట్ అని ఇవ్వండి. ఫాంటు వచ్చిన తర్వాత అసలు చిక్కు బయటపడుతుంది: టెంప్లేట్లలో పెట్టె ఎత్తు 36 లేదా 38 పిక్సెళ్లని స్థిరంగా ఇచ్చి ఉంటుంది, అది ఇంగ్లిష్ అక్షరాలను చూసి పెట్టిన కొలత. "స్త్రీ", "వ్యక్తిగత", "పర్యావరణ" వంటి మాటలు వచ్చినప్పుడు ఒత్తులు కింది గీతకు తగిలి సగానికి తెగిపోతాయి, పైన గుడి కూడా ఇరుకవుతుంది. ఒకసారి "స్త్రీ" అనే మాట కింద క్రారవడి పూర్తిగా మాయమై కనిపించింది. స్థిరమైన ఎత్తు తీసేసి ఆటో చేయండి, లైన్-హైట్ 1.6 ఇవ్వండి, పైనా కిందా 10 లేదా 12 పిక్సెళ్ల ప్యాడింగ్ ఇవ్వండి. అప్పుడు పెట్టె తన లోపలి మాటను బట్టి పెరుగుతుంది. పేజీ భాషను తెలుగుగా గుర్తించడం కూడా మరవవద్దు, అలా గుర్తిస్తే స్క్రీన్ రీడర్ ఆ మాటలను తెలుగు గొంతుతో చదవగలుగుతుంది.

అక్షరాల పరిమాణం 16 పిక్సెళ్లకు తగ్గనివ్వకండి. ఐఫోన్‌లోని సఫారీ అంతకంటే చిన్న అక్షరాలున్న గడిని తాకగానే పేజీనంతా దగ్గరకు లాగి చూపుతుంది, ఫారం సగం తెర బయటికి పోతుంది. "జూమ్ ఆపడం ఎలా" అని వెతికి, పేజీ మొత్తానికి జూమ్‌ను నిషేధించే కోడ్ తెచ్చి పెట్టేవారున్నారు. దయచేసి ఆ పని చేయకండి. చూపు తక్కువైనవారికి ఆ జూమే ఆధారం. 14ను 16 చేస్తే చాలు.

రంగుల విషయంలో వెబ్ అందుబాటు మార్గదర్శకాలైన డబ్ల్యూసీఏజీ చెప్పే రెండు కొలతలు చాలు: అక్షరానికీ నేపథ్యానికీ మధ్య కాంట్రాస్ట్ కనీసం 4.5కు 1, పెట్టె గీతకూ దాని చుట్టూ ఉన్న రంగుకూ మధ్య కనీసం 3కు 1. టెంప్లేట్లలో ఎక్కువగా కనిపించే సిసిసిసిసిసి అనే రంగు కోడ్ ఉన్న లేత బూడిద గీత తెల్లని పేజీ మీద 1.6 మాత్రమే ఇస్తుంది. 949494 వాడితే 3 దాటుతుంది, "ఒకటి ఎంచుకోండి" అనే మాటకు 767676 వాడితే 4.5 దాటుతుంది. ఇవి గుర్తుపెట్టుకుంటే తెల్లని పేజీలకు మళ్లీ లెక్క వేసుకోనక్కరలేదు.

హోవర్ రంగు (మౌస్ పైకి వచ్చినప్పటి రంగు) అందరూ ఇస్తారు, ఫోకస్ వచ్చినప్పుడు గడి చుట్టూ కనిపించే గీతను మాత్రం చాలామంది తీసేస్తారు. కీబోర్డుతో ట్యాబ్ నొక్కుతూ వచ్చేవారికి తాము ఏ గడిలో ఉన్నామో చెప్పేది ఆ గీత ఒక్కటే. అది మీ రంగులతో కలవడం లేదనిపిస్తే తీసేయకుండా, 2 పిక్సెళ్ల మందంతో మీ రంగులోనే ఔట్‌లైన్ ఇవ్వండి. దానికి బదులు నీడను మాత్రమే వాడితే, విండోస్‌లో హై కాంట్రాస్ట్ థీమ్ పెట్టుకున్నవారికి ఆ నీడ కనిపించదు, ఎందుకంటే ఆ థీమ్ నీడలన్నింటినీ తీసేస్తుంది.

ఇప్పుడు మీ విండోస్ సమస్య. మీరు పెట్టెకు ముదురు నీలం రంగు ఇచ్చానన్నారు కానీ, మీరు పంపిన వివరాలను బట్టి చూస్తే ఆ నీలం సెలెక్ట్‌కు కాకుండా దాని చుట్టూ ఉన్న డివ్ బ్లాక్‌కు (ఇతర వస్తువులను లోపల పెట్టుకునే ఖాళీ పెట్టెకు) ఇచ్చి, సెలెక్ట్ బ్యాక్‌గ్రౌండ్‌ను పారదర్శకంగా వదిలారు. అక్షరాల తెలుపు మాత్రం సెలెక్ట్‌కే ఇచ్చారు. విండోస్‌లో క్రోమ్ జాబితాను తెరిచేటప్పుడు ఆప్షన్ వరుసలకు సెలెక్ట్ నుంచి అక్షరాల రంగు వస్తుంది, నేపథ్యం పారదర్శకం కాబట్టి జాబితా తన మామూలు తెలుపును తీసుకుంటుంది. తెలుపు మీద తెలుపు. వరుస మీదికి మౌస్ వెళ్లినప్పుడు ఆ ఒక్క వరుస మెరిసి కనిపించడం దీనికి గుర్తు. పరిష్కారం ఒకటే: ఆప్షన్‌కు విడిగా అక్షరాల రంగు నలుపు, నేపథ్యం తెలుపు అని రెండూ రాయండి. చాలా బిల్డర్లలో ఆప్షన్‌ను ఎంచుకుని రంగు మార్చే అవకాశం ప్యానెల్‌లో ఉండదు, కాబట్టి కస్టమ్ కోడ్‌లో ఒక వరుస రాయవలసి ఉంటుంది. అది ఎడిటర్‌లో కనిపించకపోవచ్చు. ప్రివ్యూలో లేదా పబ్లిష్ చేసిన తర్వాత చూడండి. ఆప్షన్లకు ప్యాడింగ్, గుండ్రని మూలలు, ఐకాన్లు ఇచ్చే ప్రయత్నం మాత్రం మానుకోండి. ఒక బ్రౌజరులో వచ్చింది మరొకదానిలో రాదు.

ఈ పరిస్థితి ఇప్పుడిప్పుడే మారుతోంది. క్రోమ్ 2025లో విడుదల చేసిన 135వ వెర్షన్ నుంచి అప్పియరెన్స్‌కు బేస్-సెలెక్ట్ అనే కొత్త విలువ వచ్చింది. దాన్ని సెలెక్ట్‌కూ, జాబితాను సూచించే పికర్ అనే సూడో-ఎలిమెంట్‌కూ (వస్తువులోని ఒక భాగానికి సీఎస్‌ఎస్‌లో ఉన్న పేరుకు) ఇస్తే, తెరుచుకునే జాబితాను కూడా మామూలు సీఎస్‌ఎస్‌తో మలచుకోవచ్చు. ఇది తెలియని బ్రౌజర్లు ఆ విలువను పట్టించుకోకుండా పాత పద్ధతిలోనే జాబితా చూపుతాయి కాబట్టి నష్టం లేదు. పైన చెప్పిన పనులన్నీ ముగించాక, అదనపు మెరుగుగా దీన్ని చేర్చండి. దీని మీదే ఆధారపడి డిజైన్ చేయకండి.

జావాస్క్రిప్ట్ డ్రాప్‌డౌన్ సంగతి. వాటిలో చాలావరకు చేసే పని ఒకటే: అసలు సెలెక్ట్‌ను దాచి, దాని స్థానంలో డివ్‌లతో అలాంటిదే మరొకటి గీస్తాయి. బొమ్మ బాగుంటుంది. కానీ బాణం కీలు, ఎస్కేప్, అక్షరంతో వెతకడం, స్క్రీన్ రీడర్‌కు చెప్పవలసిన స్థితి, ఫోన్‌లో జాబితా జరపడం, తెర అంచున పైకి తెరుచుకోవడం వంటివన్నీ ఆ రచయిత మళ్లీ మొదటినుంచి రాసి ఉండాలి, అన్నీ రాసినవి అరుదు. వందల వరుసల్లో టైపు చేసి వెతకడమో, ఒకేసారి పలు సేవలు ఎంచుకోవడమో కావాలంటే ఆ భారం మోయడానికి అర్థం ఉంది. ఎనిమిది వరుసల జాబితాకు రంగు మార్చడం కోసం అయితే వద్దని గట్టిగా చెబుతాను.

రెండవ సమస్య అయిన మెనూ పూర్తిగా మీ చేతిలో ఉన్నది, ఎందుకంటే అక్కడ బ్రౌజరు గీసేది ఏమీ లేదు. వెబ్‌ఫ్లో అనే బిల్డర్‌లో అయితే డ్రాప్‌డౌన్ ఎలిమెంట్‌ను నావ్‌బార్ లోపలి మెనూలోకి లాగాలి. అందులో నొక్కే భాగం, తెరుచుకునే జాబితా వేర్వేరుగా ఉంటాయి, సెట్టింగ్స్‌లో జాబితాను తెరిచి ఉంచి స్టైల్ చేసుకోవచ్చు. విక్స్‌లో ఒక పేజీని మరొక పేజీ కింద ఉపపేజీగా జరిపితే అదే డ్రాప్‌డౌన్ అవుతుంది. వర్డ్‌ప్రెస్‌లో నావిగేషన్ బ్లాక్ లోపల సబ్‌మెనూ చేర్చాలి. పేర్లు ఏవైనా లోపల జరిగేది ఒకటే: జాబితాకు పొజిషన్ యాబ్సల్యూట్ ఉంటుంది, అది పేజీ ప్రవాహం నుంచి బయటికి వచ్చి, కింద ఉన్నవాటి మీద తేలుతుంది.

ఆ తేలడం దగ్గరే మీ జాబితా స్లైడర్ వెనక్కి పోతోంది. ఏది పైన కనిపించాలో చెప్పే అంకె అయిన జడ్-ఇండెక్స్‌ను 9999 చేసినా మార్పు లేదని రాశారు. ఇవ్వవలసిన చోట ఇవ్వకపోతే ఎంత పెద్ద అంకె ఇచ్చినా ఫలితం ఉండదు. ఏదైనా బ్లాక్‌కు ట్రాన్స్‌ఫార్మ్ (జరపడం, తిప్పడం వంటివి) ఇచ్చినా, ఒపాసిటీ 1 కంటే తగ్గించినా, ఫిల్టర్ పెట్టినా, పొజిషన్‌ను ఫిక్స్‌డ్ లేదా స్టికీ చేసినా, అది తన లోపల ఒక వేరు దొంతరను ఏర్పరుస్తుంది. లోపలి వస్తువుల జడ్-ఇండెక్స్ పోటీ ఆ దొంతర వరకే; బయట స్లైడర్‌తో పోటీ పడేది హెడర్ (మెనూ ఉన్న పేజీ పైభాగం) మొత్తం. పై అంతస్తులో ఎంత ఎత్తు స్టూలు వేసుకున్నా ఇల్లు ఎత్తు పెరగదు కదా, అలాగే. మీ హెడర్‌కు పేజీ తెరుచుకునేటప్పుడు కిందికి జారి వచ్చే యానిమేషన్ పెట్టారు. అది ట్రాన్స్‌ఫార్మ్‌తో నడుస్తుంది, యానిమేషన్ ముగిసినా ఆ విలువ హెడర్ మీద మిగిలిపోతుంది. అందుకని జాబితా మీద పెట్టిన 9999 తీసేసి, హెడర్‌కే పొజిషన్ రెలెటివ్, జడ్-ఇండెక్స్ 10 ఇవ్వండి. స్లైడర్‌కు అంతకంటే పెద్ద అంకె ఏమైనా ఉందేమో ఒకసారి చూడండి. ఇది చేశాక జాబితా పైకి వచ్చినా సగంలో తెగిపోయినట్టు కనిపిస్తే, హెడర్‌కో దాని లోపలి కంటైనర్‌కో అంచు దాటినదాన్ని దాచేసే ఓవర్‌ఫ్లో హిడెన్ ఉన్నట్టు. దాన్ని విజిబుల్ చేయండి.

ఫోన్‌లో తెరుచుకోకపోవడానికి కారణం మీరు హోవర్ మీద తెరుచుకునేలా పెట్టడమే. వేలికి హోవర్ లేదు. నొక్కితే తెరుచుకోవడాన్నే మూల పద్ధతిగా పెట్టుకుని, మౌస్ ఉన్నవారికి హోవర్‌ను అదనపు సౌకర్యంగా ఉంచండి. దీనికి అడ్డుపడే విషయం ఇంకొకటి ఉంది: మీ మెనూలో "సేవలు" అనే మాట స్వయంగా ఒక పేజీకి లింకు కూడా. వేలితో తాకినప్పుడు జాబితా తెరవాలా, పేజీకి వెళ్లాలా అన్నది తేలదు. ఆ మాటను కేవలం బటనుగా మార్చి, "అన్ని సేవలు" అనే లింకును జాబితాలో మొదటి వరుసగా పెట్టండి. నాకు ఇంతవరకూ ఏ సైట్‌లోనూ దీనికంటే తేలికైన మార్గం దొరకలేదు. ఫోన్‌లో లింకుల వరుసలు కనీసం 44 పిక్సెళ్ల ఎత్తు ఉండేలా ప్యాడింగ్ ఇవ్వండి, అక్కడ జాబితాకు యాబ్సల్యూట్ తీసేసి స్టాటిక్ చేయండి. అప్పుడు అది కింది అంశాలను జరుపుతూ మెనూలోనే విచ్చుకుంటుంది.

కంప్యూటర్‌లో హోవర్ ఉంచుకుంటే, బటనుకూ జాబితాకూ మధ్య ఖాళీ వదలకండి. అందం కోసం జాబితాకు పైన 12 పిక్సెళ్ల మార్జిన్ ఇస్తారు, మౌస్ ఆ ఖాళీ దాటే క్షణంలో జాబితా మూసుకుపోతుంది. చేయి నెమ్మదిగా కదిలేవారు ఎన్నిసార్లు ప్రయత్నించినా చివరి లింకును అందుకోలేరు. ఆ ఖాళీని మార్జిన్‌గా కాకుండా జాబితా బయటి బ్లాక్‌కు ప్యాడింగ్‌గా ఇచ్చి, రంగును లోపలి బ్లాక్‌కు ఇవ్వండి. చూడడానికి అదే ఖాళీ, కానీ మౌస్ దృష్టిలో అది జాబితాలో భాగమే. మూసుకోవడానికి 200 నుంచి 300 మిల్లీసెకండ్ల ఆలస్యం కూడా పెట్టండి.

మూసి ఉన్న జాబితాను ఒపాసిటీ సున్నాతో మాత్రమే దాచకూడదు. అది కంటికి కనిపించదు కానీ అక్కడే ఉంటుంది: ట్యాబ్ నొక్కేవారి ఫోకస్ కనిపించని లింకుల్లోకి వెళుతుంది, ఖాళీ చోట నొక్కినవారు తెలియకుండా వేరే పేజీకి వెళతారు. ఒపాసిటీతో పాటు విజిబిలిటీని హిడెన్ చేయండి. ఈ రెండింటినీ 150 మిల్లీసెకండ్ల ట్రాన్సిషన్‌తో కలిపితే మెల్లగా తెరుచుకునే అందం కూడా పోదు. తెరిచినప్పుడు బటనులో, జాబితా తెరిచి ఉందో లేదో స్క్రీన్ రీడర్‌కు చెప్పే ఏరియా-ఎక్స్‌పాండెడ్ విలువ ట్రూగా మారుతోందా, ఎస్కేప్ నొక్కితే మూసుకుని ఫోకస్ బటను దగ్గరకే వస్తోందా అన్నవి చూసుకోండి. బిల్డర్ సొంత ఎలిమెంట్ వాడితే ఇవి చాలావరకు సిద్ధంగానే ఉంటాయి, సొంతంగా డివ్‌లతో కట్టుకుంటే ఏవీ ఉండవు. మెనూలో చివరి అంశం కింద కూడా జాబితా ఉంటే, దానికి మాత్రం లెఫ్ట్‌ను ఆటో చేసి రైట్ సున్నా ఇవ్వండి, లేకపోతే అది తెర కుడి అంచు దాటి, పేజీ మొత్తం పక్కకు జరగడం మొదలవుతుంది.

ప్రశ్నలు, జవాబుల పేజీ గురించి మీరు ఒక వాక్యంలో ప్రస్తావించారు. దానికి మెనూ డ్రాప్‌డౌన్ వాడకండి; హెచ్‌టీఎమ్‌ఎల్‌లోని డీటెయిల్స్, సమ్మరీ అనే జంట ఏ జావాస్క్రిప్టూ లేకుండానే తెరుచుకుని మూసుకుంటుంది. వర్డ్‌ప్రెస్‌లో 2023లో వచ్చిన 6.3 వెర్షన్ నుంచి ఇది డీటెయిల్స్ అనే బ్లాక్‌గా నేరుగా దొరుకుతోంది.

ఈ మార్పులు చేశాక ఎడిటర్‌లోని మొబైల్ ప్రివ్యూను నమ్మకండి. అది కంప్యూటర్ బ్రౌజరునే సన్నగా చూపుతుంది. అందులో ఐఫోన్ జూమూ రాదు, ఆండ్రాయిడ్ జాబితా పెట్టే రాదు. పబ్లిష్ చేసి, ఒక ఐఫోన్, ఒక ఆండ్రాయిడ్ ఫోన్, ఒక విండోస్ కంప్యూటర్ తీసుకుని, ప్రతిదానిలోనూ ఫారం ఒకసారి నింపి పంపండి, మూడు ఈమెయిళ్లలోనూ సేవ పేరు సరిగా వచ్చిందో లేదో చూడండి. ఆ తర్వాత కంప్యూటర్‌లో మౌస్ పక్కన పెట్టి, కీబోర్డుతోనే మెనూ తెరిచి, చివరి లింకు దాకా వెళ్లండి. ఎక్కడైనా ఆగిపోతే, ఆగిన చోట ఏ బ్లాక్ ఉంది, దానికి ఏ క్లాస్ ఉంది, ఏ బ్రౌజరు వాడారు అన్న వివరాలతో ఇక్కడే రాయండి, చూసి చెబుతాను.